ఒళ్లంతా ఒకటే, తేడా అంచులోనే

1970ల చివర్లో నెదర్లాండ్స్‌లో షిపోల్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉండే ఒకరికి మలేరియా సోకింది. దేశం దాటి వెళ్లిన మనిషి కాదు. ఏ దూరదేశపు విమానంలోనో ఎక్కి వచ్చిన దోమ కుట్టి ఉంటుందని వైద్యులు తేల్చారు. ఆ రక్తంలోంచి తీసిన పరాన్నజీవిని ప్రయోగశాలలో పెంచి ఎన్‌ఎఫ్54 అని పేరు పెట్టారు. తర్వాత ఎడిన్‌బరోలో డేవిడ్ వాలికర్ బృందం దాన్ని పలచన చేసుకుంటూ పోయి, ఒకే ఒక్క కణం నుంచి పెరిగిన సంతతిని వేరు చేసింది. దాని పేరు 3డీ7. మలేరియా పరాన్నజీవి జన్యుపటం మొత్తం చదివేశారని 2002లో పత్రికలు రాశాయే, ఆ పటం దీనిదే. ఇవాళ ఏ దేశంలోనైనా మలేరియాకు కొత్త మందు దొరికిందని వార్త వస్తే, ఆ మందు ముందుగా చంపింది చాలావరకు ఈ షిపోల్ సంతతినే అయి ఉంటుంది.

ఇలాంటి సంతతులు ఇంకా ఉన్నాయి. శాస్త్రవేత్తలు వీటిని స్ట్రెయిన్లు అంటారు. హోండురాస్ నుంచి వచ్చింది హెచ్‌బీ3. ఇండోచైనా నుంచి వచ్చినదాన్ని మెఫ్లోక్విన్ అనే మందులో పెంచి పెంచి, దానికి తట్టుకున్నవాటిలోంచి వేరు చేసింది డీడీ2. మూడూ ఒకే జాతి. మలేరియాల్లోకెల్లా ప్రాణాంతకమైన ప్లాస్మోడియం ఫాల్సిపారం. మూడింటికీ 14 క్రోమోజోములు, సుమారు 5,300 జన్యువులు. అయినా క్లోరోక్విన్ మందు పోస్తే 3డీ7, హెచ్‌బీ3 చస్తాయి, డీడీ2 చావదు. డీడీ2కు రక్తకణం పైన సియాలిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటేగానీ లోపలికి దారి దొరకదు. 3డీ7కు అంత పట్టింపు లేదు. మలేరియా క్రిమి అంటే ఏదైనా ఒకటే కదా అనుకునేవాళ్లకు ఇది విడ్డూరంగానే ఉంటుంది. ఇంత దగ్గరి చుట్టాల మధ్య ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు వీటిని ఎలా బతికిస్తారో చెప్పుకోవాలి. 1976 దాకా మనిషి మలేరియా పరాన్నజీవిని ఒంటి బయట నిలకడగా పెంచడం ఎవరికీ చేతకాలేదు. ఆ ఏడాది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సన్ దాన్ని సాధించారు. గాజు పళ్లెంలో పోషక ద్రవం, అందులో మనిషి ఎర్రరక్తకణాలు, వాటిలో పరాన్నజీవి. ఆ పళ్లేలను ఒక జాడీలో పెట్టి, లోపల కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టేవారు. కొవ్వొత్తి ఆరేసరికి జాడీలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగేది. ఫాల్సిపారానికి కావలసిన గాలి సరిగ్గా అదే. జాడీని 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, రోజూ ద్రవం మార్చి, కొన్నాళ్లకోసారి కొత్త రక్తం కలిపితే చాలు, ఏళ్ల తరబడి బతుకుతుంది. ఇంతటి పనికి కొవ్వొత్తి సరిపోయిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. మన దేశంలో చాలామందిని బాధపెట్టే రెండో జాతి, వైవాక్స్, ఈ పద్ధతికి లొంగలేదు. దానికి అప్పుడే పుట్టిన లేత రక్తకణాలే కావాలి. అందుకే ప్రయోగశాల స్ట్రెయిన్ల కథ అంటే ప్రధానంగా ఫాల్సిపారం కథే.

ఇక అసలు సంగతి. ప్రతి జన్యువూ ఒక ప్రొటీన్ ఎలా తయారు చేయాలో చెప్పే సూచన. ఆ సూచన కణంలో రాసి ఉన్నంత మాత్రాన ప్రొటీన్ తయారైపోదు. కణానికి ఆ పూటకు ఏది అవసరమో దాన్ని మాత్రమే ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తీసుకుంటుంది. ఆ నకలు చూసి ప్రొటీన్ తయారవుతుంది. ఏ జన్యువుకు ఎన్ని నకళ్లు ఉన్నాయో కొలిస్తే, కణం ఆ గంటలో ఏం పని మీద ఉందో తెలుస్తుంది. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. రెండు స్ట్రెయిన్లకు అవే జన్యువులు ఉండి, ఒకదానిలో ఒక జన్యువు పనిచేస్తూ రెండోదానిలో అదే జన్యువు మూగగా ఉండిపోతే, రెండూ రెండు రకాలుగా మసులుకుంటాయి.

ఫాల్సిపారం ఎర్రరక్తకణంలోకి దూరాక సుమారు 48 గంటల్లో ఎదిగి, విడిపోయి, కణాన్ని పగలగొట్టుకుని పదహారు నుంచి ముప్ఫై రెండు పిల్లలుగా బయటపడుతుంది. రోజు విడిచి రోజు చలి జ్వరం రావడానికి మూలం ఇదే. 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ డెరిసి బృందం హెచ్‌బీ3ని పెద్దమొత్తంలో పెంచి, గంట గంటకూ కాస్త తీసి, జన్యువులన్నిటి నకళ్లనూ కొలిచింది. తేలిందేమిటంటే, ఈ దశలో పనిచేసే జన్యువుల్లో చాలా భాగం 48 గంటల్లో ఒక్కసారే పైకి లేచి దిగిపోతాయి. అవసరం వచ్చే ముందు నకళ్లు తయారవుతాయి, పని అయిపోగానే ఆగిపోతాయి. ఒకదాని వెనుక ఒకటి, వరస తప్పకుండా.

ఈ వరస అన్ని స్ట్రెయిన్లలో ఒకటేనా? 2006లో అదే ప్రయోగశాల నుంచి మాన్యుయెల్ లినాస్, డెరిసి తదితరులు 3డీ7, హెచ్‌బీ3, డీడీ2లను పక్కపక్కన పెట్టి చూశారు. మూడు ఖండాల నుంచి వచ్చినవి, మూడు రకాల మందు చరిత్ర ఉన్నవి. తేడాలు గుట్టలుగా దొరుకుతాయని ఎవరైనా అనుకుంటారు. దొరకలేదు. 48 గంటల వరస మూడింటిలోనూ దాదాపు అచ్చు ఒకేలా నడిచింది. దొరికిన కొద్ది తేడాలు కూడా ఎక్కువగా ఒక రకం జన్యువుల్లోనే, మనిషి రక్షణ వ్యవస్థకు ఎదురుపడే పైపై ప్రొటీన్లను తయారుచేసే వాటిలోనే కనిపించాయి. అవి చాలావరకు క్రోమోజోముల చివర్లలో గుంపుగా కూర్చుని ఉంటాయి.

మంగళగిరి వాళ్లకు దీన్ని అర్థం చేయించడం తేలిక. గుంట మగ్గం మీద నేసే సంప్రదాయ మంగళగిరి చీరకు ఒంట్లో బుటాలు ఉండవు. పడుగూ పేకా కలిసిన సాదా నేతే ఒళ్లంతా. ఈ చీర వేరు, ఆ చీర వేరు అని చెప్పేది నిజాం అంచు. ఫాల్సిపారం క్రోమోజోము కూడా అంతే. తిండి తినడం, శ్వాస, కణం విడిపోవడం లాంటి ఇంటి పనులు చూసే జన్యువులు నడిమి ఒంట్లో ఉంటాయి, స్ట్రెయిను మారినా వాటి పని మారదు. మార్పంతా అంచుల్లో.

ఆ అంచుల్లోని జన్యువుల్లో పేరుమోసినవి వార్ జన్యువులు. ఒక్కో పరాన్నజీవికి ఇవి సుమారు అరవై ఉంటాయి. పరాన్నజీవి రక్తకణం లోపల దాక్కున్నా, ఆ కణం పైతొక్క మీదికి ఒక జిగురు ప్రొటీన్‌ను పంపుతుంది. దానితో కణం రక్తనాళాల గోడకు అంటుకుంటుంది. అంటుకోకపోతే రక్తంతో పాటు ప్లీహంలోకి కొట్టుకుపోయి అక్కడ వడగట్టబడుతుంది. అంటుకోవడం పరాన్నజీవికి ప్రాణరక్షణ, మనకు ప్రాణసంకటం. మెదడులోని సన్నని నాళాల్లో ఇలా కణాలు పేరుకుంటే రోగి స్పృహ తప్పుతాడు.

ఆ జిగురు ప్రొటీన్‌ను తయారుచేసే సూచనలే ఈ అరవై. ఒక పరాన్నజీవి ఒక సమయంలో వీటిలో ఒక్కదాన్నే పనిచేయిస్తుంది. మన ఒళ్లు ఆ ఒక్క ప్రొటీన్‌ను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసేలోగా, కొన్ని పరాన్నజీవులు దాన్ని ఆపేసి మరోదాన్ని మొదలెడతాయి. పాతవాటిని యాంటీబాడీలు చంపుతాయి, మారినవి మిగిలి మళ్లీ పెరుగుతాయి. మలేరియా నెలల తరబడి ఒంట్లో తిష్ఠ వేయడంలో దీని వాటా పెద్దది. అరవైలో ఒకదాని వల్ల కణాలు గర్భిణి మావికి అంటుకుంటాయి. అంతకుముందు మలేరియా వచ్చి తట్టుకున్న స్త్రీ కూడా తొలిచూలులో మళ్లీ తీవ్రంగా జబ్బుపడడానికి కారణం అదే. ఆ ప్రొటీన్‌ను ఆమె ఒళ్లు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైంది ఇదే. స్ట్రెయిన్ల మధ్య తేడా అంటే డీఎన్‌ఏలో ఏవో అక్షరాలు మారి ఉంటాయని అనుకుంటాం. క్లోరోక్విన్ విషయంలో అది నిజమే, డీడీ2లో ఒక జన్యువు అక్షరాలే మారాయి. కానీ డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారకుండా కూడా పరాన్నజీవి ప్రవర్తన మారిపోగలదు.

డబ్ల్యూ2మెఫ్ అనే స్ట్రెయిను ఉంది. డీడీ2 పుట్టింది దీనిలోంచే. ఇదీ సియాలిక్ ఆమ్లం ఉన్న రక్తకణంలోకే దూరుతుంది. ఒక ఎంజైముతో ఆ సియాలిక్ ఆమ్లాన్ని గీరేసిన కణాలనే దీనికి ఇచ్చి చూశారు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. కానీ ఆ గీరేసిన కణాల్లోనే కొన్నాళ్లు ఉంచితే, బతికి పెరిగినవి కొన్ని తేలాయి. కొత్త దారి కనిపెట్టాయన్నమాట. 2005లో వాటి ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే అప్పటిదాకా దాదాపు మూగగా ఉన్న ఆర్‌హెచ్4 అనే ఒక జన్యువు గట్టిగా పనిచేస్తున్నట్టు తేలింది. ఆ జన్యువును చెడగొట్టిన డబ్ల్యూ2మెఫ్‌కు మాత్రం దారి మార్చుకోవడం చేతకాలేదు. జన్యువు మొదటి నుంచీ ఉంది, అక్షరాలూ అవే. మూగగా ఉన్నది నోరు విప్పింది, అంతే.

జన్యువు మూగబోవడం ఎలా? డీఎన్‌ఏ కణంలో విడిగా వేలాడదు, హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్ల మీద ఒక రసాయన గుర్తు పడితే హెచ్‌పీ1 అనే ప్రొటీన్ అక్కడికి చేరి ఆ భాగాన్ని ముద్దగా బిగించేస్తుంది. బిగిసిన చోట నకలు తీసే యంత్రాంగం అడుగుపెట్టలేదు. కణం రెండుగా విడిపోయినప్పుడు ఈ బిగింపు కూడా పిల్లలకు సంక్రమిస్తుంది. అప్పుడప్పుడు, ఎవరూ అడగకుండానే, ఏదో ఒక పిల్లలో అది సడలుతుంది. బార్సిలోనాలో ఆల్ఫ్రెడ్ కోర్టెస్ బృందం 2012లో ఒకే స్ట్రెయిను నుంచి, అంటే ఒకే డీఎన్‌ఏ నుంచి వేరుచేసిన ఉపసంతతులను పోల్చి చూసింది. అవి కూడా ఒకదానికొకటి ఒకేలా లేవు. చాలా జన్యువులు ఒకదానిలో పనిచేస్తూ మరొకదానిలో మూగగా ఉన్నాయి. వాటికి జ్వరం వచ్చిన ఒంట్లో ఉన్నట్టు అప్పుడప్పుడు వేడి తగిలిస్తూ పెంచితే, వేడికి ఓర్చే తీరు ముందే ఉన్నవి నిలిచి మిగతావి పోయాయి.

కాబట్టి ఇక్కడ పరాన్నజీవి తెలివి ఏమీ లేదు. ప్రమాదం చూసి అది మారదు. ప్రమాదం రాకముందే, గుడ్డిగా, పిల్లలు రకరకాలుగా పుడతాయి. ఏ ప్రమాదం వచ్చినా ఏవో కొన్ని మిగులుతాయి.

ప్రయోగశాల బతుకు కూడా స్ట్రెయిన్లను మారుస్తుంది. గాజు పళ్లెంలో ప్లీహం లేదు, యాంటీబాడీలు లేవు, దోమ లేదు. అవసరం లేని సామాను పరాన్నజీవి వదిలించుకుంటుంది. రక్తకణం నాళాల గోడకు అంటుకోవడానికి తోడ్పడే బుడిపెలు చాలా సంతతుల్లో పోయాయి. ఆ బుడిపెల ప్రొటీన్ జన్యువు రెండో క్రోమోజోము అంచున ఉంటుంది, ఆ అంచే విరిగి పోయింది.

ఇంకోటి ఎఫ్12. ఇది 3డీ7లోంచి వచ్చిన సంతతే, కానీ కొడవలి రూపం కణాలను తయారుచేయలేదు. మనిషి నుంచి దోమలోకి వెళ్లేవి ఆ కొడవలి కణాలే. ఏపీ2-జీ అనే ఒక్క జన్యువు చెడిపోవడం వల్ల ఈ శక్తి పోయిందని 2014లో తేలింది. ఈ జన్యువు అంచున లేదు, నడుమనే ఉంది. దాన్నీ హెచ్‌పీ1 బిగించి ఉంచుతుంది, కొద్ది కణాల్లో మాత్రమే సడలుతుంది. నా ఉపమానానికి ఇది మినహాయింపు. కొడవలి కణాలు ఎంత ముఖ్యమో మన దగ్గరి కథే చెబుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుక్కున్నది హుస్సేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమల్లో. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. హుస్సేన్ ఖాన్ రక్తంలో కొడవలి కణాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఎఫ్12 లాంటిది ఉండి ఉంటే, ఎన్ని దోమలు కోసినా రాస్‌కు ఏమీ కనిపించేది కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే ఈ రంగంలో తొందరపడి తేల్చిన తేడాలూ ఉంటాయి. వ్యక్తీకరణ గంట గంటకూ మారుతుందన్నాం కదా. అన్ని స్ట్రెయిన్లూ 48 గంటలకే తిరగవు, కొన్ని గంటలు ముందూ వెనకా అవుతాయి. ఒకదాన్ని ఇరవయ్యో గంటలో, ఇంకోదాన్ని ఇరవై ఆరో గంటలో పట్టుకుని పోలిస్తే వందల తేడాలు కనిపిస్తాయి. అవి స్ట్రెయిన్ల తేడాలు కావు, గడియారం తేడాలు. అందుకే పోల్చే ముందు పరాన్నజీవులన్నిటినీ ఒకే వయసుకు తెస్తారు. సార్బిటాల్ ద్రావణం పోస్తే ముదిరిన పరాన్నజీవులున్న కణాలు పగిలిపోతాయి, లేతవి మిగులుతాయి. అక్కడి నుంచి గంటలు లెక్కపెడతారు. ఈ వివరం చెప్పని పోలికను నేనైతే నమ్మను.

ఇదంతా గుంటూరు సీమ పాఠకుడికి ఎందుకు? రెండు కారణాలు చెప్తాను, రెండూ స్ట్రెయిన్ల తేడాలకు సంబంధించినవే.

మొదటిది టీకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ మలేరియా టీకాను తయారుచేసే పరిజ్ఞానాన్ని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు బదిలీ చేయడానికి ఒప్పందం కుదిరింది. పరాన్నజీవి దోమ నుంచి మనలోకి వచ్చేటప్పుడు దాని ఒంటిమీద ఉండే ఒక ప్రొటీన్‌ను ఈ టీకా చూపిస్తుంది. ఆ ప్రొటీన్ నమూనా షిపోల్ సంతతిదే. ఆఫ్రికాలో టీకా వేసిన పిల్లల రక్తంలోని పరాన్నజీవులను 2015లో చదివి చూస్తే, టీకా నమూనాతో సరిపోలిన వాటి మీద మొదటి ఏడాదిలో 50 శాతం దాకా రక్షణ ఉంది. సరిపోలని వాటి మీద 33 శాతమే. ఇది వ్యక్తీకరణ తేడా కాదు, అక్షరాల తేడా. కానీ ప్రశ్న ఒకటే, ఏ స్ట్రెయిను మీద తయారుచేశారు, ఏ స్ట్రెయిను మీద వాడుతున్నారు?

రెండోది మన గడపలోకే వస్తుంది. వేలు గుచ్చి ఒక బొట్టు రక్తం వేస్తే పావుగంటలో గీత చూపించే మలేరియా కార్డు ఆశా కార్యకర్తల సంచిలో ఉంటుంది. ఫాల్సిపారానికి ఆ గీత పడాలంటే రక్తంలో హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్ ఉండాలి. దాని జన్యువు ఎనిమిదో క్రోమోజోము అంచున ఉంటుంది. డీడీ2లో ఆ ముక్కే లేదు. డీడీ2 నిండా ఉన్న రక్తం వేసినా ఈ గీత కోసం చూసే కార్డు మోసపోవచ్చు. ఇది ప్రయోగశాల విశేషమని చాలాకాలం అనుకున్నారు. 2010లో పెరూలోని అమెజాన్ ప్రాంతంలో రోగుల నుంచి తీసిన పరాన్నజీవుల్లోనూ ఆ జన్యువు లేదని తేలింది. ఆఫ్రికాలోని ఎరిట్రియాలో ఆ సంఖ్య మరీ ఎక్కువై కార్డులనే మార్చుకోవలసి వచ్చింది. మన దేశంలో మలేరియా ఎక్కువున్న రాష్ట్రాల్లో వెతికినప్పుడు కూడా కొద్ది శాతం మేర ఇలాంటివి దొరికాయి.

మన రాష్ట్రంలో మలేరియా బెడద మైదానంలో కన్నా అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో ఎక్కువ. అయితే మిరప కోతలకూ ఇటుక బట్టీలకూ బయటి ప్రాంతాల నుంచి కూలీలు వచ్చే నేల మన గుంటూరు సీమ. మనవాళ్లూ పనుల మీద అటు వెళ్లి వస్తుంటారు. కార్డు మంచిదే, పారేయమని నేను అనడం లేదు. డాక్టరు అందుబాటులో లేని తండాలో అది ప్రాణాలు కాపాడింది. కానీ మన్యం నుంచో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాల నుంచో వచ్చినవాళ్లకు చలితో జ్వరం వస్తూ పోతూ ఉండి, కార్డులో గీత పడకపోతే అక్కడితో ఊరుకోకండి. ఎక్కడి నుంచి వచ్చారో డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వాసుపత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో గాజు స్లైడు మీద రక్తం పూత తీసి మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. మైక్రోస్కోపుకు ఏ జన్యువు పనిచేస్తోందో అక్కర్లేదు, రక్తకణంలో పరాన్నజీవి ఉంటే చాలు.